పేదరికం చచ్చేవాడి తప్పా?

"పేదవాడిగా పుట్టడం నీ తప్పు కాదు, పేదవాడిగా చావడం మాత్రం నీ తప్పే." బిల్ గేట్స్ ఫొటో పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిప్పుతున్న మాట ఇది. ఆయన అన్నాడా లేదా అన్నది పక్కన పెడదాం. దీని వెనక మూడు నమ్మకాలున్నాయి: కష్టపడితే పేదరికం రాదు, చదువుకుంటే రాదు, పైకొచ్చినవాళ్లే అందుకు సాక్ష్యం. మూడూ నిలబడవు.

ముందు కష్టం సంగతి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతుల్ని సోమరులని ఎవరైనా అనగలరా? కొబ్బరి, జీడి తోటల మీద పచ్చగా బతికిన ప్రాంతం అది. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను కూల్చేస్తోంది. ఎన్ని బృందాలు వచ్చి పరీక్షలు చేసినా, కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు. అది ఉచితంగానే జరిగినా రోగి పని పోతుంది, వెంట వెళ్లేవాళ్ల కూలి పోతుంది, ఆటో ఛార్జీలు మాత్రం ఆగవు. ముందు ఆడవాళ్ల చేతి గాజులు తాకట్టుకు వెళ్తాయి, తర్వాత తోట. అది చాలదన్నట్టు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి కాపు మీదున్న కొబ్బరి చెట్లను కూల్చేసింది. మళ్లీ మొక్క నాటితే కాయ చూడటానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఆ ఇల్లు గడిచేదెలా? ఇందులో ఎవరి తప్పు చూపిస్తారు?

ఇక చదువు. 2020లో కరోనాతో బడులు మూతపడగానే ప్రైవేటు స్కూళ్లలో ఎంతోమంది టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. పీజీలు, బీఈడీలు చేసినవాళ్లు కూరగాయలు అమ్మారు, టిఫిన్ బండ్లు పెట్టారు, ఉపాధి హామీ పనికెళ్లి పలుగూ పారా పట్టారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఏడాది ముందు వాళ్లను పేదలని ఎవరూ అనుకోలేదు. వాళ్లు కూడా అనుకుని ఉండరు.

పైకొచ్చినవాళ్లున్నారు కదా అంటారు. ఉన్నారు. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 పల్లెలు తిరిగి, పాతికేళ్లలో ఏ ఇల్లు పైకొచ్చింది, ఏ ఇల్లు చితికిపోయింది అని ఆరా తీసి 2006లో ప్రచురించారు. 14 శాతం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో 12 శాతం కుటుంబాలు కొత్తగా అందులో పడ్డాయి. మనం వినేది మొదటివాళ్ల కథలే. సన్మానాలు, ఇంటర్వ్యూలు వాళ్లకే. బతికి చెడ్డవాళ్లు చుట్టాల పెళ్లిళ్లకు రావడం కూడా తగ్గించేస్తారు, మనకు కనిపించరు. వాళ్లను పడేసినవి ముఖ్యంగా జబ్బులు, ఆసుపత్రి ఖర్చులు, పెళ్లిళ్లకీ కర్మకాండలకీ చేసిన అప్పులు, ఎక్కువ వడ్డీలు. తాగుడు, సోమరితనం వల్ల చెడిన ఇళ్లు చాలా తక్కువ.

ఆ పరిశోధన వచ్చిన మరుసటి ఏడాది, 2007లో, ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద ఆపరేషన్ల విషయంలో ఎన్నో ఇళ్లను అది నిలబెట్టింది, కాదనను. కానీ షుగరుకీ బీపీకీ నెలనెలా మెడికల్ షాపులో కొనే మందులు, బయట ల్యాబుకి రాసిచ్చే పరీక్షలు, ఆసుపత్రి చుట్టూ తిరిగే రోజుల్లో పోయే కూలి చాలా ఇళ్లలో ఇప్పటికీ చేతి డబ్బే. ముందు ఆగాల్సింది ఆ ఖర్చు.