స్కూటర్ ఖర్చును ఇంట్లో వాళ్ళతో భాగించి చూడండి

నల్లగొండ గడియారం సెంటర్‌లో బండి పక్కకు పెట్టి చాయ్ తాగుతుంటే ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నా, మైలేజ్ ఎంత ఇస్తది?" అంటారు. నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న. నలభై నాలుగు అని చెప్పగానే మొహంలో ఉన్న ఆశ కాస్తా పోతుంది. "గంతేనా? మా బైకు అరవై ఇస్తది" అని ఓ చిన్న నవ్వు నవ్వి వెళ్ళిపోతారు. ఒక్కరంటే ఒక్కరైనా "మీ ఇంట్ల ఎవరెవరు నడుపుతరు?" అని అడగలేదు. బండి ఖర్చు తేలేది ఆ ప్రశ్న దగ్గరే అని నా వాదన.

ముందు పెద్ద మూతి, గాలికి అడ్డంగా చిన్న అద్దం, వెడల్పాటి సీటు, కాళ్ళు చాపుకునే చోటు ఉన్న ఈ బండ్లను మ్యాక్సీ స్కూటర్లంటారు, టూరింగ్ స్కూటర్లంటారు, అంటే దూర ప్రయాణాల స్కూటర్లని. మన దగ్గర 2018లో సుజుకి బర్గ్‌మన్ స్ట్రీట్ వచ్చింది, ఆ తర్వాత అప్రిలియా ఎస్‌ఎక్స్‌ఆర్ 160, యమహా ఏరాక్స్ 155, హీరో జూమ్ 160 వచ్చాయి. యూరప్‌లో బర్గ్‌మన్ పేరుతో 400 సీసీ ఇంజను, 13.5 లీటర్ల ట్యాంకు ఉన్న బండి కూడా అమ్మారు. అదే పేరుతో మనకిచ్చింది 125 సీసీ, ఐదున్నర లీటర్లు. టూరింగ్ అన్న మాటను మన దగ్గర ఎంతవరకు నమ్మాలో ఈ ఒక్క తేడా చెబుతుంది. అయినా లడఖ్ పోదామని నేను బండి కొనలేదు. మా ఆవిడ బడి తిప్పర్తి దాటాక లోపలి ఊళ్ళో ఉంది, మా అమ్మాయి డిగ్రీ కాలేజీ ఊరికి ఆ చివర ఉంది, నాకు అప్పుడప్పుడు హైదరాబాద్ పని పడుతుంది. మా ఇంటి టూరింగ్ అంతా ఇదే.

బండి ఏ కంపెనీదో చెప్పను. చెబితే చర్చ అటు పోతుంది. నాలుగేళ్ళలో 54 వేల కిలోమీటర్లు తిరిగింది, డిక్కీలో ఉండే చిన్న నోట్‌బుక్‌లో ప్రతి ఖర్చూ రాసి ఉంది. లీటరు 107 రూపాయల లెక్కన, 44 మైలేజీకి, పెట్రోలే కిలోమీటరుకు 2 రూపాయల 43 పైసలు. హైవే మీద 75 దాటించి పోతే మైలేజ్ 39కి పడిపోతుంది, అంత వెడల్పు మూతితో గాలిని తోసుకుంటూ పోవాలి కదా. యాభై ఐదులో పోనిస్తే 48 ఇస్తుంది. సర్వీసింగు, ఆయిలు కలిపి మూడున్నర వేల కిలోమీటర్లకు ఒకసారి పదకొండు వందలు, అంటే 31 పైసలు. వెనక చిన్న చక్రం కాబట్టి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, టైరు 13 వేలకే నున్నబడుతుంది. ముందుదానితో కలిపి టైర్లకు 20 పైసలు. బెల్టు, దానితో పాటు అరిగే రోలర్లు ఇప్పటికి రెండుసార్లు మార్పించాను, అది ఇంకో 10 పైసలు. బ్రేకులు, బ్యాటరీ, చిల్లరమల్లర 8. ఇన్సూరెన్స్ 16. మొత్తం కూడితే కిలోమీటరుకు దాదాపు మూడు రూపాయల ముప్పై పైసలు.

బెల్టు గురించి షోరూములో ఎవరూ నోరు విప్పరు. బైకులో చైన్ చేసే పనిని స్కూటర్‌లో చేసేది ఆ రబ్బరు బెల్టే, అది ఎప్పటికైనా అరగాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఆ మూత లోపల ఎంత కాగుతుందో ఊహించుకోండి. నాది మొదటిసారి 23 వేల దగ్గర మూలిగింది. సర్వీసు సెంటర్‌కు పోతే, బెల్టు స్టాకు లేదు, హైదరాబాద్ నుంచి రావాలన్నారు, పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల ఆటో ఖర్చు ఏ కంపెనీ చెప్పే నిర్వహణ ఖర్చులోనూ ఉండదు. రెండోసారి మాత్రం 20 వేలు తిరగగానే బెల్టు ముందే కొని ఇంట్లో పెట్టుకున్నాను. మీరూ అదే చేయండి.

సరే, ఇప్పుడు బైకు వాళ్ళ మాట. నిజాయితీగానే చెబుతాను, వాళ్ళ లెక్క తప్పు కాదు. అదే డబ్బుకు వచ్చే 125 బైకు 58 ఇస్తుంది, ట్యాంకు పెద్దది, పదిహేడు, పద్దెనిమిది అంగుళాల చక్రం గుంతలో దిగబడదు, ఏ మండల కేంద్రంలోనైనా విప్పి బిగించే మెకానిక్ దొరుకుతాడు. అన్నీ కలిపి కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. అంటే నాకంటే 80 పైసలు తక్కువ. మా బండి ఏడాదికి తిరిగే పదమూడున్నర వేల కిలోమీటర్ల మీద అది పదివేల రూపాయల పైనే. తక్కువేం కాదు.

కానీ బైకు కొన్న ఇంట్లో దాన్ని ఎంతమంది నడుపుతారు? ఒక్కరు. ఆయన ఆఫీసుకు పోతే అది ఆఫీసు ముందు పొద్దంతా ఎండుతుంది, ఆయన ఇంట్లో ఉంటే ఇంటి ముందు ఎండుతుంది. ఆవిడ బడికి పోవాలంటే ఇంకో బండి కొనాలి. రెండో బండి అంటే లక్ష రూపాయలు, రెండో ఇన్సూరెన్స్, రెండో బ్యాటరీ, రెండో జత టైర్లు. మైలేజ్ అరవై అని నవ్విన మా దోస్తు ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మొదట బైకు కొన్నాడు, రెండేళ్ళు తిరక్కుండా వదినె కోసం స్కూటీ కొన్నాడు, ఇప్పుడు రెండింటికీ కిస్తీలు కడుతున్నాడు. పెట్రోల్‌లో మిగిలిన పదివేలు ఎటు పోయాయని అడిగితే మాట మారుస్తాడు. మా ఇంట్లో నేను బస్టాండు దగ్గరి పనికి నడిచి పోతాను, పొద్దున బండి ఆవిడది, సాయంత్రం అమ్మాయిది, ఆదివారం నాది. గేరు లేని బండి లైసెన్సు చాలు. నా మూడు రూపాయల ముప్పై పైసలను ముగ్గురు వాడుకుంటున్నారు.

ఇందులో ఫ్లోర్‌బోర్డు సంగతి చాలా పెద్దది. కాళ్ళు పెట్టుకునే ఆ చదునైన పలకను మనవాళ్ళు వాడినంతగా దేశంలో ఇంకెవరైనా వాడతారా అని నాకు అనుమానం. నల్లగొండ నీళ్ళలోని ఫ్లోరైడ్ భయంతో పెరిగిన జిల్లా. మర్రిగూడ, మునుగోడు వైపు వంకరపోయిన ఎముకలను చూసి పెరిగినవాళ్ళం. ఇప్పుడు మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చినా క్యాను నీళ్ళ అలవాటు పోలేదు. ఇరవై లీటర్ల క్యాను ఫ్లోర్‌బోర్డు మీద పెట్టుకుని, రెండు మోకాళ్ళతో నొక్కిపట్టి, చీర కుచ్చిళ్ళు ఒక పక్కకు సర్దుకుని సందులోంచి వచ్చే ఆడవాళ్ళను ఏ కాలనీలోనైనా పొద్దున్నే చూడండి. పాతిక కిలోల బియ్యం బస్తా వచ్చేది దాని మీదే, పిల్లాడి స్కూలు బ్యాగూ దాని మీదే, పెళ్ళికి పోయేటప్పుడు చీరల సంచీ దాని మీదే. బైకు ట్యాంకు మీద నీళ్ళ క్యాను నిలబెట్టి చూపించండి, అప్పుడు మైలేజ్ సంగతి మాట్లాడుకుందాం.

మరి కొన్ని కంపెనీలేం చేశాయి? స్పోర్టీ అన్నారు, టూరింగ్ అన్నారు, మొట్టమొదట ఆ పలకనే పీకేశారు. ఏరాక్స్ మధ్యలో బైకులాగా గట్టు ఉంటుంది, పెట్రోల్ పోసేది అక్కడే. జూమ్ 160 కూడా అంతే. చక్రాలు పద్నాలుగు అంగుళాలు, రోడ్డు మీద కుదురుగా పోతాయి, ఇంజను బలం అదిరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గట్టు దాటి చీరతో ఎక్కమనండి. క్యాను ఎక్కడ పెట్టాలో చెప్పమనండి. బర్గ్‌మన్ 110 కిలోలు, ఏరాక్స్ 126 కిలోలు, ఇంటి ర్యాంపు మీద వెనక్కి లాగేటప్పుడు ఆ పదహారు కిలోల తేడా చేతులకు తెలుస్తుంది. గట్టు పెట్టిన మరుక్షణం ఆ స్కూటర్ ఇంట్లో ముగ్గురి బండి కాకుండా పోయి ఒక్క కుర్రాడి బండి అవుతుంది. అంటే స్కూటర్ ధర పెట్టి, స్కూటర్ మైలేజ్‌తో సరిపెట్టుకుని, వాడకం మాత్రం బైకులా వాడుతున్నట్టు. ఇంతకంటే ఖరీదైన బేరం ఉంటుందా?

ఇంకో చిన్న లెక్క. 150 సీసీ గీత దాటిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం దాదాపు రెట్టింపు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ళకు ఒకేసారి కట్టాల్సింది 150 లోపైతే 3,851 రూపాయలు, దాటితే 7,365. 155 సీసీ బండైతే కేవలం ఐదు సీసీ తేడాకు. టీవీఎస్ వాళ్ళు ఎన్‌టార్క్ 150ని 149.7 సీసీ దగ్గర ఆపారు చూడండి, తెలివైన పని.

దూర ప్రయాణం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే టూరింగ్ అని పేరు పెట్టి తప్పించుకున్నాడంటారు. మేమిద్దరం దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రెండుసార్లు పోయి వచ్చాం, రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఐదున్నర లీటర్ల ట్యాంకుతో రెండు వందలు దాటగానే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, అందుకే అడవి మొదలు కాకముందే ఫుల్ కొట్టించుకోవాలి. మన్ననూర్ దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, మళ్ళీ పొద్దున ఆరుకే తీస్తారు, ఆ టెన్షన్ వేరు. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి మెల్లగా దిగితే క్లచ్ విడిపోయి ఇంజను పట్టు పోతుంది, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. సన్నగా యాక్సిలరేటర్ పట్టి ఉంచుతూ దిగాలి. ఇది నాకు ఈగలపెంట దాటాక, బ్రేకులు వాసన కొట్టాక తెలిసింది. నడుం నొప్పి మాత్రం లేదు, వెనక కూర్చున్న ఆవిడ కూడా ఆ మాటే అన్నది. అదే ఆవిడ మా పాత బైకు మీద యాదగిరిగుట్ట పోయొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు.

చిన్న చక్రానికి అసలు పరీక్ష ఘాట్‌లో ఉండదు, కోతల కాలంలో ఉంటుంది. వడ్లు సగం రోడ్డు మీద ఆరబోసి, కుప్ప చుట్టూ రాళ్ళు పేర్చి, చీకటి పడ్డాక పైన నల్ల పట్టా కప్పుతారు. రైతును ఏమీ అనలేం, కల్లం లేకపోతే ఎక్కడ ఆరబోయాలి? కానీ రాత్రి ఎనిమిదికి ఆ రాయి పది అంగుళాల చక్రం కిందికి వస్తే ఏ టూరింగ్ సస్పెన్షనూ ఆదుకోదు.

కరెంటు స్కూటర్ కొనుక్కోవచ్చుగా, తెలంగాణలో 2026 చివరిదాకా రోడ్డు ట్యాక్సు కూడా లేదు అంటారా? ఊళ్ళో తిరగడానికైతే హాయిగా కొనండి. పొద్దున బడికి, సాయంత్రం కాలేజీకి, మధ్యలో అర్జెంటుగా హైదరాబాద్‌కు అంటే చార్జింగ్ కోసం ఇంట్లో గొడవలవుతాయి.

అసలు నాకు కోపం వచ్చేది ఇంకో చోట. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పని, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ బస్సు మా ఆవిడను తిప్పర్తి రోడ్డు మీద దింపుతుంది. బడి ఇంకో ఆరు కిలోమీటర్లు లోపల. ఆటో నిండేదాకా కదలదు, నిండేసరికి ప్రార్థన గంట కొట్టేస్తారు. ఉచితంగా వచ్చిన నలభై నిమిషాల ప్రయాణం తర్వాత డబ్బులిచ్చి, వేలాడుతూ, ఆలస్యంగా బడికి చేరడం. మన జిల్లాల్లో టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, ఆశా వర్కర్లు, బ్యాంకు అమ్మాయిలు ఈ ఆరు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతున్నారు. మహబూబ్‌నగర్ వైపు జడ్చర్ల రోడ్డు మీద పొద్దున ఎనిమిదిన్నరకు నిలబడి చూడండి, హెల్మెట్ కింద స్కార్ఫు కట్టుకుని పోయే స్కూటర్లు ఎన్నో. ఆ ఆరు కిలోమీటర్లను వాళ్ళు సొంత డబ్బుతో పూడ్చుకుంటున్నారు. లీటరు పెట్రోల్ మీద రాష్ట్రం తీసుకునే 35.2 శాతం వ్యాట్ కూడా వాళ్ళే కడుతున్నారు, అంటే లీటరుకు పాతిక రూపాయల పైనే. టూవీలర్లకు టోల్ లేదుగా అని ఎవరో ఒకరు అంటారు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లలో డబ్బులు కట్టం, నిజమే. అందుకేనేమో ఆ రోడ్ల మీద మమ్మల్ని లెక్కలో వేసుకున్నట్టే ఉండదు. లారీకీ డివైడర్‌కీ మధ్య మిగిలిన చోటే మాది. బస్సుకు టికెట్ మాఫీ చేసిన సర్కారు, లోపలి ఊరి బడికి స్కూటర్ మీద పోయే ఆడమనిషి పెట్రోల్‌లో రూపాయైనా ఎందుకు తగ్గించదు? కనీసం తిప్పర్తి నుంచి లోపలికి బడి వేళకు ఒక మినీ బస్సు ఎందుకు వేయదు?

వేసేదాకా మా బండే ఆ బస్సు. ఈ నెల నోట్‌బుక్ చూస్తే 1,180 కిలోమీటర్లు తిరిగింది, అందులో నావి 240. పెట్రోల్ కొట్టించిన ఏడుసార్లలో ఐదుసార్లు మాత్రం సంతకం నాదే. ట్యాంకు ఖాళీ చేసి చప్పుడు కాకుండా ఇంట్లో పెట్టేది ఎవరన్న పంచాయితీ ఇంకా తెగలేదు, అమ్మాయి అమ్మను చూపిస్తుంది, అమ్మ అమ్మాయిని చూపిస్తుంది.