బిడ్డను బజారుకీడ్చొద్దు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం చెడుతుంది. రెండు నెలల సెలవులని చెప్పి భార్యాభర్తల్లో ఒకరు బిడ్డతో హైదరాబాద్ విమానమెక్కుతారు. తిరుగు టికెట్ వాడకుండానే మురిగిపోతుంది. రెండోవారు బిడ్డను కోర్టు ముందు హాజరుపరచాలని కోరుతూ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తారు. అది విచారణకు రాకముందే యూట్యూబ్ చానళ్లలోనూ బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ తీర్పు వచ్చేస్తుంది. తల్లి బరితెగించిందని కొందరు, తండ్రికి డాలర్లే తప్ప బిడ్డ పట్టదని కొందరు. ఇంతా చేస్తే, ఆ దశలో న్యాయస్థానం ముందున్న మొదటి ప్రశ్న ఇద్దరిలో మంచివారెవరన్నది కానే కాదు.

బిడ్డ ఇల్లు ఏది, ఆ బిడ్డ సంగతి ఏ కోర్టు తేల్చాలి అన్నదే అక్కడ ముందు తెమలాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం మైనరు మామూలుగా నివసించే ప్రాంతపు కోర్టుకే సంరక్షణ వ్యవహారంలో అధికారం. అమెరికా నుంచి 2017లో హైదరాబాద్‌కు తెచ్చిన ఇద్దరు పిల్లల కేసులో సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఈ సెక్షన్‌నే ఆధారం చేసుకుని, వారిని తిరిగి పంపమంది. అలాగని విదేశీ కోర్టు కాగితం చూపిస్తే చాలదు. అది పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటేనని, బిడ్డ సంక్షేమం అన్నిటికన్నా పైనని 2017లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలన్న 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని మాటను చర్చల్లో తరచూ వల్లిస్తారు. ఆ ‘సాధారణంగా’ను మాత్రం వదిలేస్తారు.

ఇక పెంపకం యోగ్యత. విమానాశ్రయంలో మూడేళ్ల పాప తండ్రి చెయ్యి విదిలించుకుని ఏడుస్తున్న నలభై సెకన్ల వీడియో లక్షలమంది చూస్తారు. రాత్రంతా నిద్రలేని పిల్ల ఎవరి చెయ్యైనా విదిలించుకుంటుంది. టీకాలకు తీసుకెళ్లింది ఎవరు, బడి నుంచి ఫోన్ వస్తే ఎత్తేది ఎవరు, జ్వరం వచ్చిన రోజు సెలవు పెట్టింది ఎవరు, ఇంట్లో చెయ్యి చేసుకున్నది ఎవరు అన్నవి రికార్డులు చూసి, ఇద్దరినీ ప్రశ్నించి, బిడ్డతో విడిగా మాట్లాడితే తేలతాయి. ఈ చర్చల తూకం కూడా ఒక్కటి కాదు. ఉద్యోగం చేసే తల్లికి తీరికెక్కడిదంటారు, చేయని తల్లి ఎలా పోషిస్తుందంటారు. తండ్రిని ఈ రెండూ ఎవరూ అడగరు.

ఈ రచ్చలో అసలు చిక్కు మరుగున పడిపోతోంది. భర్త వెంట వెళ్లేవారికిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకు ఆ హోదా భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద, వివాహం మీద ఆధారపడి ఉంటుంది. విడాకులైతే అది పోతుంది. బిడ్డను అమెరికా పంపమన్న ఉత్తర్వు ఆమె చేతికొచ్చేసరికి వీసా లేదు, అక్కడ ఇల్లు లేదు, వకీలుకు చెల్లించే డబ్బు లేదు. అప్పుడది బిడ్డను తల్లి నుంచి విడదీసే ఉత్తర్వే అవుతుంది. అందుకే ప్రయాణ ఖర్చు, విడి నివాసం, లాయరు ఫీజు, వీసా ఏర్పాటు, అరెస్టు వారంటు ఉంటే దాని రద్దు, ఇవన్నీ బిడ్డ విమానమెక్కక ముందే పూర్తికావాలి. హామీపత్రం రాయించుకుంటే సరిపోదు. అవే షరతులతో అక్కడి కోర్టు నుంచి కూడా ఉత్తర్వు తెచ్చుకోవాలి. కెన్యాకు పంపిన ఒక బాలుడి కేసులో 2020లో సుప్రీంకోర్టు అలాంటి ఉత్తర్వునే కోరింది. తండ్రి తన హామీలకు కట్టుబడలేదని తేలి 2021లో తన తీర్పునే వెనక్కి తీసుకుంది. అప్పటికి బాలుడు దేశం దాటిపోయాడు.

బిడ్డల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో నూరుకు పైగా దేశాలున్నాయి, మనం లేము. బిడ్డను తీసుకెళ్లిన ఏడాదిలోపు దరఖాస్తు వస్తే తిప్పి పంపాలని, ఆరు వారాల్లో తేల్చాలని, అంతవరకు యోగ్యత జోలికి పోరాదని అది చెబుతుంది. తీవ్రమైన హాని ముప్పు ఉంటే పంపనక్కర్లేదన్న మినహాయింపూ ఉంది. గృహహింస నుంచి పారిపోయి వచ్చిన తల్లులకు ఆ మినహాయింపు చాలదన్న భయం న్యాయమైనదే. దానికి విరుగుడు ఆ రక్షణను మన చట్టంలో స్పష్టంగా రాసుకోవడం. 2009లో, 2016లో లా కమిషన్ నివేదికలిచ్చింది, 2016లో ముసాయిదా బిల్లు వచ్చింది, 2018లో జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ ఈ వివాదాలు తేల్చేందుకు ప్రత్యేక ప్రాధికార సంస్థను సిఫార్సు చేసింది. చట్టం మాత్రం రాలేదు. హైదరాబాద్ పిల్లల కేసు తేలడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ వయసులో రెండేళ్లంటే భాష, బడి, స్నేహితులు అన్నీ మారిపోతాయి. ఆ మార్పునే మళ్లీ వాదనగా కోర్టు ముందు పెడతారు. గృహహింస మినహాయింపును, గడువును కలిపి కేంద్రం ఇకనైనా చట్టం తేవాలి.

చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్నవి వాడుకోవాలి. బిడ్డ దగ్గర లేని తల్లి లేదా తండ్రికి రోజూ 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. టైమ్ జోన్ చూసి ఆ వేళను ఉత్తర్వులోనే రాయించుకోవాలి, లేకుంటే ‘పాప నిద్రపోయింది’ అన్న జవాబే రోజూ వస్తుంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద ఇద్దరిలో ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసే జరపాలి. ఆ కోరిక మొదటి వాయిదాలోనే పెట్టుకోవాలి, వీడియోలు బయటికొచ్చాక పెడితే ఫలితం సగమే.