పని కాకపోతే పేరు మార్చుకుంటాం

"ఈ పని చెయ్యలేకపోతే నా పేరు మార్చుకుంటా" అని మీసం మెలేసేవాళ్లను మనం ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నాం. అది శపథం కాదు, పనికి చట్టబద్ధమైన ప్రత్యామ్నాయం. చేతకాలేదా, పేరు మార్చు, లెక్క సరి. ప్రభుత్వాలూ కంపెనీలూ ఇందులో చిన్న సవరణ చేసుకున్నాయంతే: చేతకానిది తమకు, మారే పేరు ఇంకోదానికి.

ఈ విద్యకు పెద్దబాలశిక్ష కజకిస్తాన్ రాజధాని. 1961లో త్సెలినోగ్రాద్, 1992లో అక్మోలా. రాజధాని హోదా వచ్చాక 1998లో అస్తానా. కజక్ భాషలో ఆ మాటకు రాజధాని అనే అర్థం, మన ఆస్థానానికి చుట్టంలా వినిపిస్తుంది. రాజధానికి రాజధాని అని పేరు పెట్టడంలో ఉన్న పొదుపు ఎవరూ గుర్తించలేదు. 2019లో అధ్యక్షుడు నూర్‌సుల్తాన్ నజర్బాయెవ్ గద్దె దిగగానే ఆయన పేరే ఊరికెక్కి నూర్‌సుల్తాన్ అయింది. 2022లో మళ్లీ అస్తానా. విమానాశ్రయం కోడు మాత్రం త్సెలినోగ్రాద్ నాటి టీఎస్ఈని పట్టుకుని వేలాడి, 2020లో బద్ధకం వదిలించుకుని ఎన్‌క్యూజెడ్ అయింది. రెండేళ్లకు ఊరు వెనక్కి వెళ్లిపోయింది, కోడు వెళ్లలేదు.

కొత్తగా దిగేవాళ్లకు పద్ధతి చెప్పాలి. ముందు బోర్డు మార్చండి. అరపూట పని, ఫొటో కూడా అక్కడే వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అది తెలివైన పనే. ఎందుకంటే ఆ తర్వాత రబ్బరు స్టాంపులు, రసీదు పుస్తకాలు, పటాలు, పాస్‌పోర్టులో పుట్టిన ఊరి గడి వరసలో నిలబడి ఉంటాయి. అన్నిటికన్నా మొండిది కంప్యూటర్. పేరునే గుర్తుగా వాడిన జాబితాలో పేరు మారిస్తే పాత ఊరొకటి, కొత్త ఊరొకటి, మొత్తం రెండు ఊళ్లవుతాయి. పన్ను కట్టినవాళ్లు ఒకదాంట్లో, కట్టాల్సినవాళ్లు ఇంకోదాంట్లో తేలతారు. ఊరికో అంకె ఇచ్చి, పేరును దానికి తగిలించి, పక్కన పాత పేరూ మారిన తేదీ రాసుకుంటే ఈ గొడవ ఉండదు. కానీ అంకెకు ఆవిష్కరణ సభ పెట్టలేం కదా.

అన్నీ మార్చామనుకున్నా పాత పేరు ఏదో మూల నక్కి ఉంటుంది. జర్మనీతో యుద్ధం రాగానే జర్మన్ వాసన కొడుతోందని 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను పెట్రోగ్రాద్ చేశారు. 1924లో లెనిన్‌గ్రాద్, 1991లో మళ్లీ పాత పేరే. చుట్టూ ఉన్న రాష్ట్రం ఇప్పటికీ లెనిన్‌గ్రాద్ ఓబ్లాస్తే. విమానాశ్రయం కోడు ఎల్ఈడీ.

సరుకుకైతే ఈ మందు ఇంకా బాగా పనిచేస్తుంది. పటగోనియన్ టూత్‌ఫిష్ అంటే ఎవరూ కొనరని 1977లో ఒక అమెరికన్ దిగుమతిదారు దానికి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టాడు. అది బాస్ చేప కాదు, చిలీలో మాత్రమే దొరికేదీ కాదు. పేరు ఎంత కుదిరిందంటే, 1990ల నాటికి దొంగ వేటగాళ్లు దాని వెంట పడ్డారు. నెమ్మదిగా ఎదిగే చేప. పాత పేరుతో ఉంటే ఇంకొన్నాళ్లు బతికేది.

సైన్సూ తక్కువ తినలేదు. మార్చ్1 అనే జన్యువు పేరు ఎక్సెల్‌లో కొడితే అది మార్చి 1వ తేదీ అయి కూర్చునేది. ఎక్సెల్ మారే దాకా ఎవరు ఆగుతారని 2020లో జన్యువు పేరునే మార్చ్ఎఫ్1గా మార్చారు. తేదీగా మార్చొద్దని ఎక్సెల్‌కు చెప్పే వీలు 2023లో వచ్చింది. జన్యువు వెనక్కి రాలేదు.

ఒక్క జాగ్రత్త. పాత బోర్డు పారేయకండి. నూర్‌సుల్తాన్‌కు మూడున్నరేళ్లకే అవసరపడింది, పెట్రోగ్రాద్‌కు 77 ఏళ్లు పట్టింది. చెదలు పట్టకుండా రేకు బోర్డే చేయించి, వెనక వైపు ఖాళీగా ఉంచుకోండి. తర్వాతి పేరుకు పెయింటు ఖర్చుతో సరిపోతుంది.