ముందు తోరణం, బడి సంగతి తర్వాత

కాకతీయులు మనకు ఒక గొప్ప పాఠం చెప్పి పోయారు. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నేటికీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నడుమ ఉండాల్సిన గుడి మాత్రం లేదు. అయినా ఎవరైనా బాధపడుతున్నారా? తోరణం ముందు ఫొటో దిగి, బయట మిర్చి బజ్జీలు తిని ఇంటికి పోతున్నారు. ద్వారం బాగుంటే చాలు, లోపల ఏముందో ఎవరూ అడగరు.

మా కాలనీ సంక్షేమ సంఘం ఈ సూత్రాన్నే పాటిస్తోంది. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన 42 ఊళ్లలో మాదీ ఒకటి. ఒకప్పుడు ఇక్కడ పత్తి చేలు. ఇప్పుడు వెంచర్లు, విల్లాలు, రెండు ఫంక్షన్ హాళ్లు. కాలనీ ఆర్చికి చందా అడిగితే రెండు వారాల్లో లెక్క తేలిపోయింది. గజం ధర పెరుగుతుందంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

ఊరి పాత బడి కూడా కాలనీ నడుమనే ఉంది. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు, రెండు గదులు. కొందరు గదులు చాలవంటున్నారు. పాపం, చట్టం చదవలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఒక్కో టీచరుకు కనీసం ఒక గది ఉండాలంటుంది. ఇద్దరికి రెండు, లెక్క సరి. తరగతులు ఐదు కావడం పిల్లల తప్పు.

మూడో గది కూడా మొదలైంది. ఏ పథకం కిందో చెప్పను; చెబితే ఒక పార్టీకి, చెప్పకపోతే ఇంకో పార్టీకి కోపం. పిల్లర్లు లేచి ఆగాయి. పని పట్టిన మనిషి బడి కమిటీలోని వాడే. బిల్లు వస్తుందన్న నమ్మకంతో సిమెంటు ఉద్దెర తెచ్చాడు. ఇప్పుడు ఆ దుకాణం ముందు నుంచి పోలేక వెనక సందులోంచి ఇల్లు చేరుతున్నాడు. నేనే ధైర్యం చెప్పాను. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే 2024 మార్చిలో తెరిచారు. ఆ లెక్కన ఈ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఇరవై నాలుగో ఏట హాయిగా సొంత గదిలో కూర్చుంటాడు. టెన్షన్ ఎందుకు?

నిధులు లేవనడం మాత్రం అన్యాయం. సర్కారు బడుల కోసం పెట్టిన సమగ్ర శిక్ష పథకం కింద ఏటా గ్రాంటు ఉంది. 30 మంది పిల్లల దాకా 10 వేలు, ఆపైన 100 దాకా 25 వేలు. సుద్దముక్కలు, కరెంటు, నల్లా రిపేరు అన్నీ అందులోనే, కనీసం పదో వంతు శుభ్రతకు. మా బడిలో ఇప్పుడు సరిగ్గా 30 మంది. అంటే రాబోయే 31వ పిల్లవాడి ఖరీదు 15 వేలు! ఆ వజ్రాన్ని వెతుక్కుంటూ హెడ్మాస్టరు జూన్ ఎండలో ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటికీ వచ్చాడు.

"సార్, మీ మనవణ్ణి..." అన్నాడు.

చాయ్ తాగించి పంపాను. మా వాడు పసుపు బస్సెక్కి ఎల్‌కేజీకి పోతాడు. వాడొక్కడి ఫీజు ఈ బడికి మూడేళ్ల గ్రాంటు. వీధిలో పసుపు బస్సు ఒక్కటి పెరిగినప్పుడల్లా బడిలో పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. ఊరు ఇంత వేగంగా పెరుగుతుంటే ఖర్చు ఇంత పొదుపుగా తగ్గడం ఇంకే శాఖలో చూశారు?

మేమేమీ ఇవ్వడం లేదనుకునేరు. ఆదాయపు పన్ను మీద ఆరోగ్య, విద్య సెస్సు 4 శాతం ఏటా కడుతున్నాం. సెస్సులో రాష్ట్రాలకు వాటా పంచాల్సిన పని లేదు కాబట్టి అది ఢిల్లీలో భద్రంగా చేరుతుంది. అక్కడి నుంచి మా వాడకు రావాలంటే దారి అడగాలి కదా, కొంత ఆలస్యం సహజం.

అయినా చేతులు కట్టుకుని కూర్చోలేదు. మొన్న సంఘం సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించాం: బడి ముందు కాకతీయ తోరణం నమూనాలో ఆర్చి, దాతల పేర్లు కరీంనగర్ గ్రానైటు మీద. చందా అప్పుడే సగం వచ్చింది.

నక్షా తీసుకుని బడికి పోయాను. ఒకప్పుడు మూడో తరగతి అక్కడి వేపచెట్టు కింద కూర్చునేది. మా సీసీ రోడ్డుకు అడ్డమొస్తే మేమే కొట్టించాం. ఇప్పుడు వరండాలో ఒదిగి కూర్చుంటోంది. హెడ్మాస్టరు నక్షాను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"సార్, దీన్ని ఇంకో ఆరడుగులు వెడల్పు చేయించరాదుండ్రి," అన్నాడు. "నీడకు మూడో తరగతిని కూర్చోబెడతా."