పట్టాల పక్క తీగలు దీపాల కోసం కాదు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. రైలు పట్టాల పక్కన తుప్పుపట్టిన స్తంభం, దానిపై పింగాణీ గిన్నెలు. కింద ఈ వ్యాఖ్య: "బ్రిటిషువాళ్లు స్టేషన్లకు కరెంటు తెచ్చిన లైను ఇది. గిన్నెల్లో కరెంటు నిల్వ ఉండేది. స్తంభానికి చెవి ఆనిస్తే టెలిగ్రాము వినపడేది. సెల్ ఫోన్లు రాగానే పీకేశారు." నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిజం కాదు.

ఆ తీగలు దీపాలు వెలిగించడానికి వేసినవి కావు. వాటిలో పారింది స్టేషన్లోని బ్యాటరీలు పంపే కొద్దిపాటి విద్యుత్తు. టెలిగ్రాఫు, బండ్ల రాకపోకలను నడిపించే కార్యాలయంతో మాట్లాడే కంట్రోల్ ఫోను దానితోనే నడిచేవి. వాటికన్నా ముఖ్యమైనవి, రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి రెండు బండ్లు పోకుండా చూసే బ్లాక్ యంత్రాలు. మంగళగిరి నుంచి బండి నంబూరు వైపు కదలాలంటే నంబూరు స్టేషను మాస్టరు 'లైన్ క్లియర్', అంటే దారి ఖాళీగా ఉంది పంపండి అనే అనుమతి, ఇవ్వాలి. ఆ అడగడం, ఒప్పుకోవడం గంట మోతల సంకేతాలతో ఈ తీగల మీదే జరిగేవి. రెండు వైపుల బండ్లూ ఒకే పట్టాల మీద నడిచే ఒంటి లైనులో కట్టుదిట్టం ఇంకా ఎక్కువగా ఉండేది. అవతలి మాస్టరు తన యంత్రంతో అనుమతిస్తే తప్ప ఇవతలి యంత్రం నుంచి టోకెన్ బంతి, అంటే డ్రైవరుకు అనుమతి గుర్తుగా ఇచ్చే లోహపు బంతి, బయటికి రాదు. ఒకటి బయట ఉండగా రెండు వైపులా ఎక్కడా మరొకటి రాదు. బంతి చేతికి అందనిదే డ్రైవరు బండి కదపడు. తీగ తెగినా బంతి రాదు కాబట్టి, లోపం వస్తే బండి ఆగుతుందే గాని ఎదురుబండి మీదికి వెళ్లదు. ఇంత పని చేసిన తీగను వీధిదీపాల లైనుగా మార్చేశారు, పాపం!

గిన్నెల సంగతి చిన్నదే. పింగాణీ కరెంటును దాచదు, అడ్డుకుంటుంది. పైభాగం వానకు తడిసినా గొడుగులాంటి ఆ అంచు లోపలివైపు పొడిగానే ఉంటుంది. అందువల్ల తీగలోని విద్యుత్తు తడి స్తంభం మీదుగా నేలలోకి పోదు.

చెవి ఆనిస్తే హోరు వినపడేది నిజమే. అది గాలి పని. బిగువైన తీగను దాటేటప్పుడు గాలి సుడులు తిరిగి దాన్ని కంపింపజేస్తుంది. గాలి ఆగితే, తీగలో ఎన్ని వార్తలు పోతున్నా స్తంభం పలకదు.

ఇక సెల్ ఫోన్లు. పట్టాల పైన రైళ్లను నడిపే 25 వేల వోల్టుల ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) తీగ వేస్తే, పక్కనే సాగే పాత తీగల్లో విద్యుత్ ప్రేరణ వల్ల, అంటే తాకకుండానే, ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది, ఫోనులో రొద చేరుతుంది. అందుకే విద్యుదీకరణతో పాటే వాటి పనిని భూగర్భ కేబుళ్లకు మార్చారు. విజయవాడ–చెన్నై మార్గం విద్యుదీకరణ 1980 నాటికే పూర్తయింది. దేశంలో తొలి సెల్ ఫోను సంభాషణ జరిగింది 1995లో.