కాపీ అనేముందు ఆ స్కెచ్‌లు కాస్త చూడండి

రెండు పెయింటింగ్స్ పక్కపక్కన పెట్టి ఎర్ర బాణాలు గీసి "చూశారా, కాపీ కొట్టాడు" అనే పోస్టులు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇప్పుడు పదిహేడో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు డొమెనికినో మీద పడ్డారు. ఈ నింద కొత్తదేం కాదు, 1620ల్లో రోమ్‌లో ఆయన పోటీదారు, చిత్రకారుడు లాన్‌ఫ్రాంకో ఇదే పని చేశాడు, చర్చి పనుల కాంట్రాక్టుల దగ్గర ఇద్దరికీ పడేది కాదు, దాంతో అంతకుముందే అగోస్టినో కరాచ్చి అనే చిత్రకారుడు వేసిన పాత బొమ్మని తన శిష్యుడు పెరియే చేత ప్రింట్ తీయించి మరీ పంచాడు, ఇదిగో అసలుది చూడండి అని.

గొడవంతా 1614లో డొమెనికినో వేసిన "పునీత జెరోము చివరి దివ్యసత్ప్రసాదం" అనే పెయింటింగ్ గురించి, అంటే క్రైస్తవ సాధువు జెరోము చనిపోయేముందు చర్చి ప్రసాదం తీసుకునే బొమ్మ. అగోస్టినో వేసిందీ ఆ సన్నివేశమే. రెండిట్లోనూ చావుకి దగ్గరపడ్డ ముసలి జెరోము, ఎదురుగా ప్రసాదం ఇచ్చే చర్చి ఫాదర్, చుట్టూ జనం. డొమెనికినో కుడిఎడమలు తిప్పేశాడు. ఐడియా అగోస్టినోదే, కాదనట్లేదు. కానీ కాపీ కొట్టేవాడికి అన్ని డ్రాయింగ్స్ ఎందుకండీ? ఇంగ్లండ్‌లో విండ్సర్ కోటలో డొమెనికినోవి 1700 పైగా ఉన్నాయి, ఈ బొమ్మకి వేసినవీ వాటిలో ఉన్నాయి. ఆయన పద్ధతే అది, నల్ల చాక్‌తో గీసి వెలుగు పడేచోట తెల్లది అద్ది, ఒక్కో మనిషిని, ఒక్కో చేతిని, బట్ట మడతని విడిగా తేల్చుకుంటాడు. ఆ కష్టం పడ్డాడు కాబట్టే వేలాడిపోతున్న ఆ ముసలి ఒళ్ళు, పక్కన వంగి ఆయన చేతిని ముద్దుపెట్టుకుంటున్న ఆయన శిష్యురాలు పౌలా అంత నిజంగా ఉంటారు.

అదే కాలపు శిల్పి బెర్నినీనే తీసుకోండి. రోమ్‌లో శాంతా మరియా దెల్ పోపొలో చర్చిలో ఆయన చెక్కిన సింహాల గుహలో దానియేలు (బైబిల్ ప్రవక్త) శిల్పం ఉంది కదా, దాని స్కెచ్‌లు జర్మనీలో లైప్‌జిగ్ మ్యూజియంలో ఉన్నాయి. మొదలుపెట్టింది ప్రాచీన కాలపు లావోకూన్ అనే శిల్పం మొండెంతోనే! పాము చుట్టుకుని మెలితిరిగిపోయే ఆ ఒంటినే కాగితం మీద కాగితం మార్చుకుంటూ, సాగదీసి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులెత్తి ప్రార్థన చేసే దానియేలుగా తెచ్చాడు. మరి ఆయన్ని దొంగ అనరేం?

వెలుతురు తగిలితే కాగితం పాడైపోతుంది, అందుకే ఒరిజినల్ స్కెచ్‌లు ఎల్లకాలం బయట పెట్టి ఉంచరు, అది అర్థం చేసుకోగలను. కనీసం మంచి ప్రింట్లైనా తీసి వాటికన్ మ్యూజియంలో ఉన్న ఆ జెరోము పెయింటింగ్ పక్కన పెట్టొచ్చు కదా, వచ్చినవాళ్ళు రెండూ చూసి వాళ్ళే తేల్చుకుంటారు.