సంతాప సభలో నరకం ఎందుకు?

పోయిన నెల మన అసోసియేషన్ హాల్లో జరిగిన సంతాప సభకు వచ్చినవాళ్లకు నేను దేని గురించి రాస్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. రానివాళ్ల కోసం రెండు ముక్కలు. పోయినాయన పదిహేనేళ్లుగా మన ప్రతి కార్యక్రమానికీ అందరికన్నా ముందొచ్చి కుర్చీలు వేసిన మనిషి. భార్య, కూతురు చర్చికి వెళ్తారు. ఆయన వాళ్లను దింపి, బయట కారులో పేపర్ చదువుకునేవాడు. ప్రార్థన చేయమని పిలిస్తే పాస్టర్ గారు ప్రార్థనతో ఆగలేదు. బైబిల్లో లూకా సువార్త 16వ అధ్యాయం తీసి, అగ్నిలో యాతన పడే ధనవంతుడు నాలుక తడుపుకోవడానికి నీళ్లడిగిన సంగతి చెప్పారు. చెప్పి, ఫొటో వైపు తిరిగి, "సమయం ఉండగానే రక్షణ పొందండి. తర్వాత అడిగితే దొరకదు" అన్నారు.

ముందు వరుసలో కూర్చున్న కూతురికి 14 ఏళ్లు. లేచి బయటికి వెళ్లిపోయింది. నేనూ వెనకాలే వెళ్లాను. పార్కింగ్‌లో వాళ్ల నాన్న కారు పక్కన నిలబడి ఉంది.

"అంకుల్, మా నాన్న అక్కడున్నాడా?"

నలభై ఏళ్లుగా బైబిల్ చదువుతున్నాను. పదేళ్లు సండే స్కూల్ చెప్పాను. అప్పుడు నా నోట వచ్చింది ఇదీ: "పాస్టర్ గారు కాస్త ఎమోషనల్ అయ్యారమ్మా."

ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికే. కానీ నేనూ ఆ బడిలో చదివినవాణ్ణే. ఎనిమిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు. యేసు వచ్చి తనవాళ్లను పరలోకానికి తీసుకుపోయే ఎత్తబడటం జరిగిపోయింది, నేనొక్కణ్ణే మిగిలిపోయాను అనుకున్నాను. ముందు రోజు ఆడిన అబద్ధం గుర్తొచ్చింది. మంచం కింద దూరి ఏడుస్తుంటే, బట్టలు ఆరేసి లోపలికొచ్చిన అమ్మ తడి పాదాలు కనబడ్డాయి. సంగతి విని అమ్మ నవ్వింది. "ఆ మాత్రం భయం ఉండాలిలే" అంది. ఆ భయం నన్ను కొన్ని చెడ్డ పనుల్లోంచి లాగింది, కాదనను. చాలా రాత్రులు నిద్ర లేకుండానూ చేసింది. అయితే ఒక సంగతి నాకు ఈమధ్యే తట్టింది. నరకం గురించి అంతగా మాట్లాడిన అమ్మ, ఫలానా మనిషి అక్కడికే పోయాడని ఎవరి గురించీ అనగా నేను వినలేదు. ఏనాడూ ప్రార్థన చేయని పక్కింటావిడ పోయినప్పుడు, "ఆమె సంగతి ఆయనకు తెలుసు" అని ఊరుకుంది.

అసలు తీర్పు అనే మాటే వద్దనేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లతో నాకు కుదరదు. బిడ్డను చంపినవాడు దర్జాగా తిరుగుతుంటే చూస్తూ బతికే తల్లికి "దేవుడు ప్రేమామయుడు" అని చెప్పి పంపేస్తామా? ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో చంపబడినవాళ్ల ఆత్మలు తీర్పు ఎప్పుడని కేక వేస్తాయి. ఆ కేక వినని దేవుడు నాకూ వద్దు. పైగా కొత్త నిబంధనలో నరకం అని మనం చదివే గెహెన్నా అనే మాట 12 సార్లు వస్తే, అందులో 11 యేసు నోటివే.

కానీ ఆ మాట ఆయన ఎవరితో అన్నాడో చూడండి. గెహెన్నా అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ, ఒకప్పుడు పిల్లల్ని మొలెకు అనే దేవతకు బలిగా కాల్చిన చోటు. ఆ లోయ పేరెత్తి ఆయన హెచ్చరించింది శిష్యుల్ని, శాస్త్రుల్ని, పరిసయ్యుల్ని. అంటే మనలాంటి భక్తిపరుల్ని! మత్తయి 25లో తీర్పు రోజున శిక్ష పడి ఎడమవైపు నిలబడ్డవాళ్లు కూడా "ప్రభువా" అనే పిలుస్తారు. లూకా 16 ధనవంతుడి తప్పు కూడా ఆరాధనకు రాకపోవడం కాదు, వాకిట్లో పడి ఉన్న బీదవాణ్ణి పట్టించుకోకపోవడం. ఆ కథలో బీదవాడికి లాజరు అని పేరుంది, ధనవంతుడికి లేదు. యేసు ఖాళీగా వదిలిన ఆ చోట మనం ఒక ఫొటో పెట్టేశాం.

ఆ శిక్ష ఎలాంటిదన్న దాని మీద క్రైస్తవ లోకం ఎన్నడూ ఒక్క మాట మీద లేదు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ చివరికి అందరూ బాగుపడతారని ఆశపడ్డాడు. ఆయన ఇప్పటికీ పునీతుడే. బిషప్పు ఆగస్టీన్ కుదరదన్నాడు, పశ్చిమ దేశాల చర్చి చాలావరకు ఆయన వెంటే నడిచింది. 1988లో ఇంగ్లండు ఇవాంజెలికల్ బోధకుడు జాన్ స్టాట్ అంతటివాడు, దుష్టులు నిత్యం కాలుతూ ఉండరు, నశించిపోతారన్న వైపు మొగ్గితే సొంతవాళ్లే మండిపడ్డారు. నా మొగ్గూ అటే, దానికి నన్ను తిట్టినా పర్వాలేదు. కానీ వేలమందిని పునీతులుగా ప్రకటించిన కత్తోలిక చర్చి, ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఒక్క పేరూ ప్రకటించలేదు. మా అమ్మ ప్రొటెస్టంటే గానీ, ఈ విషయంలో ఆమె దారీ అదే.

అందుకే కమిటీ వారికి నా విన్నపం. ఈ వాదన పెట్టుకుందాం, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పెట్టుకుందాం, నేనూ వస్తాను. శవపేటిక ముందు, ఫొటో ముందు మాత్రం వద్దు. మైకు ఇచ్చే ముందే, ఎవరైనా సరే, ఓదార్చడానికి పిలిచామని చెప్పండి. మొహమాటపడకండి.

నా బాకీ వేరే ఉంది. వచ్చే శనివారం వాళ్లింటికి వెళ్తున్నాను. "నాకు తెలియదమ్మా" అనే చెబుతాను. తర్వాత ఆదికాండం 18 తీస్తాను. సొదొమ పాపిష్ఠి ఊరని తెలిసీ అబ్రాహాము దానికోసం దేవుడితో 50 మంది నుంచి పదిమంది దాకా బేరమాడాడు. ఆ బేరం మొదట్లోనే ఆయన అడిగిన ప్రశ్నను ఆ పిల్లనే పైకి చదవమంటాను: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?"